బెల్లానికి పావు ట్యూబు

ఏదో తేడాగా ఉందని నాకు మొదట అనిపించింది ఒక శనివారం మధ్యాహ్నం. మా బిడ్డ శ్రావ్య బడి నుంచి వచ్చి సాక్సులు విప్పుతోంది. చీలమండల చుట్టూ ఎర్రటి దద్దుర్లు, మూడేసి చొప్పున వరసగా ఉన్నాయి. గోకి గోకి రెండు చోట్ల రక్తం కూడా తెచ్చుకుంది. దోమలు అనుకుందామంటే, చేతులూ మొహమూ వదిలేసి చీలమండలనే వెతుక్కుంటూ వచ్చే దోమ ఎక్కడుంటుంది?

నా సంగతి ముందే చెబుతాను. నాకు అనుమానం ఎక్కువ. తాండూరులో మాకు కిరాణా దుకాణం ఉంది. పదిహేనేళ్లుగా గల్లా దగ్గర కూర్చుంటున్నాను. కందిపప్పు బస్తా వస్తే మధ్యలోకి చెయ్యి పోనిచ్చి, పిడికెడు తీసి చూడనిదే దింపనివ్వను. "నువ్వే వేసిన తాళం మీద గూడ నీకు డౌటే" అంటాడు మా ఆయన. అననీ. పుచ్చు పప్పు అంటగట్టించుకున్నవాళ్లకు తెలుస్తుంది ఆ బాధ.

స్కిన్ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం. ఆయన అద్దం పెట్టి చూసి, "ఫుడ్ అలర్జీ కావచ్చు. గుడ్లు, వంకాయ కొన్ని రోజులు ఆపండి" అని క్రీము రాశాడు. వంకాయ తింటే దద్దుర్లు చీలమండల దగ్గరే ఎందుకు ఆగుతాయని అడుగుదామనుకున్నాను. మా ఆయన మోచేత్తో పొడిచాడు, ఊరుకున్నాను. వంకాయ మానేశాం. దద్దుర్లు మానలేదు.

అసలు సంగతి పట్టుకున్నది సుగుణమ్మ. మా ఇంటి వెనక వాటాలో ఆరేళ్లుగా అద్దెకు ఉండేది. మోమిన్‌పేట దగ్గరి ఊరు ఆమెది. నర్సుగా చేసి రిటైరైంది. ఆదివారం చర్చికి పోవడం, మిగతా రోజులు కోళ్లను చూసుకోవడం, అదే ఆమె లోకం. వాడకట్టంతా ఆమెను సిస్టరమ్మ అనే పిలుస్తారు. శ్రావ్య కాళ్లు చూసి కళ్లజోడు సర్దుకుని, "వసంతా, గివి అలర్జీ గాదు. పిల్లి పేన్లు కుట్టినయి" అంది.

నాకు చురుక్కుమంది. పిల్లి అంటే మా బెల్లం. దుకాణంలో ఎలుకలు బస్తాలు కొడుతుంటే చిన్నప్పుడే తెచ్చి పెంచుకున్నాం. అచ్చు బెల్లం రంగు కాబట్టి ఆ పేరు. పగలు బస్తాల మీద, సాయంత్రం నుంచి శ్రావ్య కాళ్ల దగ్గర పడుకుంటుంది. శ్రావ్యకు అది తోబుట్టువు కింద లెక్క.

అయితే అంతకు నాలుగు రోజుల ముందే బెల్లం సిస్టరమ్మ కోడిపిల్లను ఒకదాన్ని నోట కరుచుకుంది. పిల్ల బతికింది గానీ సిస్టరమ్మ చీపురు పట్టుకుని దుకాణం ముందుకే వచ్చేసింది. "మల్ల నా కోడిపిల్లల జోలికొచ్చిందంటే మందు పెడ్త, చూడు!" అని నలుగురు గిరాకీల ముందు అరిచింది. అందుకే పేలు అనగానే నాకు అనుమానం వచ్చింది. ఈ వంకతో పిల్లిని ఇంట్లోంచి వెళ్లగొట్టించాలని చూస్తోందని అనుకున్నాను.

ఆమె నా మొహం చూసి కనిపెట్టింది. లోపలికి పోయి పేల దువ్వెన, తడిపిన తెల్ల గుడ్డ తెచ్చింది. బెల్లాన్ని ఒళ్లో పెట్టుకుని నడుము మీద నాలుగు సార్లు దువ్వి, దువ్వెనను గుడ్డ మీద దులిపింది. నల్లటి నలుసులు రాలాయి. చూస్తుండగానే తడికి అవి ఎర్రగా పాకాయి.

"మట్టి అయితే ఎర్రగైతదా? గిది పేన్ల పెంట. తాగిన రక్తమే గది," అంది.

అంతలో ఒక పురుగు గుడ్డ మీంచి ఎగిరి నా చీర మీద పడింది. ఛీ! చీర దులుపుకుంటూ వెనక్కి గెంతాను. ఇంట్లో అందరం ఆ రోజంతా గోక్కుంటూనే ఉన్నాం.

ఆ సంగతి దుకాణంలో తెలిసిందో లేదో, ప్రతి గిరాకీ ఒక డాక్టరైపోయాడు. ఒకాయన కిరోసిన్ తుడవమన్నాడు. ఒకావిడ కలరా ఉండలు నూరి చల్లమంది. ఇంకొకాయన పత్తికి కొట్టే మందు నీళ్లలో కలిపి ముంచమన్నాడు. నేను ఎవరినీ నమ్మలేదు. జన్మలో ఒక్కసారి అనుమానం లేకుండా నమ్మింది మా వదిన మాటనే.

మా అన్నా వదినా వికారాబాద్‌లో ఉంటారు. వాళ్లకు టైగర్ అని పెద్ద కుక్క ఉంది. వదినకు ఫోన్ చేస్తే, "మా టైగర్‌కు మెడ మీద ట్యూబు మందు పెడ్తం వసంతా. రెండు దినాలల్ల పేన్లు సాఫ్. ఒకటి మిగిలింది, పంపిస్త" అంది.

"పిల్లికి పెట్టొచ్చునా వదినా?"

"పెట్టొచ్చు తియ్. చిన్న పానం గదా, జర తక్కువ పెట్టు."

మర్నాడు తెలిసినవాళ్ల చేత రైల్లో పంపించింది. మా దుకాణంలో ఒక అలవాటు ఉంది. ఏ సరుకు వచ్చినా అట్టపెట్టె అప్పుడే విప్పి, మడత పెట్టి, వెనక దొంతరలో వేస్తాం. సరుకు డబ్బాలోకి పోతుంది, డబ్బా మీద మా చేతిరాత చిట్టీ అతుక్కుంటుంది. పెట్టెలు ఉంచుకుంటూ పోతే మనుషులకు చోటుండదు. వదిన పంపిన పెట్టెనూ అలాగే చించి చదును చేశాను. లోపలి కాగితం ఉండ చుట్టి పారేశాను. ట్యూబును ఖాళీ సోంపు డబ్బాలో వేసి 'పేల మందు' అని రాశాను. పెట్టె మీద నా కంట పడింది ఒక్కటే మాట, పది నుంచి ఇరవై కిలోలు అని. తూకం మాట కదా, అది మాత్రం చూస్తాను.

గిరాకీ లేని మధ్యాహ్నం వేళ, శ్రావ్యకు ఆ వారమంతా సెలవులు, బెల్లాన్ని గంపలో కూర్చోబెట్టి దుకాణం కాంటా మీద పెట్టాను. గంప తీసేస్తే నాలుగు కిలోలు. ఇరవై కిలోలకు ఒక ట్యూబు అయితే నాలుగు కిలోలకు ఐదో వంతు. పప్పు తూచినా చక్కెర తూచినా చివర్లో కొసరు వేయడం మాకు అలవాటు. బెల్లానికి కూడా కొసరు వేశాను. పావు ట్యూబు. వెంట్రుకలు పాయ తీసి మెడ మీద పెట్టి, ఎంత లెక్కగా పెట్టానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున బెల్లం చెవులు అదరడం మొదలైంది. చెవిలో ఏదో దూరిందనుకున్నాను. కాసేపటికి మీసాలు అదిరాయి, చొంగ కారింది. నడుస్తుంటే వెనక కాళ్లు తడబడ్డాయి. శ్రావ్య చెయ్యి వేయగానే కరెంటు షాక్ కొట్టినట్టు ఎగిరిపడింది. పది గంటలకల్లా ఒళ్లంతా వణుకు. "మమ్మీ, బెల్లం చచ్చిపోతదా?" అని శ్రావ్య గుక్కపట్టి ఏడ్చింది. నేను కిటికీలోంచి వెనక్కి చూశాను. సిస్టరమ్మ కోళ్లకు నూకలు వేస్తోంది. ఇటు చూసి లోపలికి పోయింది.

అంతే. మందు పెడతానంది, పెట్టేసింది. నాకు ఇంకే సాక్ష్యమూ అక్కర్లేకపోయింది.

తాండూరులో పశువుల డాక్టర్ దగ్గరికి గంపలో తీసుకుపోయాం. "ఏం తిన్నది?" అన్నాడాయన.

"ఎలుకల మందు సార్. పెట్టినోళ్లెవరో గూడ తెలుసు."

"తినంగ మీరు చూసిండ్రా?"

"చూసుడెందుకు సార్? అందరి ముందల చెప్పే పెట్టిండ్రు."

ఆయన బెల్లం చెవుల వంక చూస్తూ, "ఒంటికి ఏమన్న రాసిండ్రా? పౌడర్ గాని, షాంపూ గాని, మందు గాని?" అని అడిగాడు.

"లేదు సార్," అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. అబద్ధం చెప్పాలని కాదు. విషం వేరు, మంచి కోసం నా చేత్తో నేను పెట్టింది వేరు. అది నా లెక్కలోకే రాలేదు. పైగా సంగతి సిస్టరమ్మ మీదనుంచి పక్కకు పోవడం నాకు ఇష్టం లేదు. మందు పెట్టిన సంగతి మా ఆయనకు తెలియదు. తెలిసిన శ్రావ్య ఇంటి దగ్గర ఉంది.

ఆయన వణుకు తగ్గే ఇంజెక్షన్ ఇచ్చాడు. "మల్ల వణుకొస్తే ఇక్కడ ఆగొద్దు. వికారాబాద్ తీస్కపోండ్రి, పెట్ క్లినిక్‌ల సెలైన్ పెట్టి ఉంచుకుంటరు," అన్నాడు.

ఇంటికి వచ్చీ రాగానే నేను సిస్టరమ్మ తలుపు కొట్టాను.

"ఏం పెట్టిండ్రు మా పిల్లికి?"

"నేనేం పెడ్త? ఏమైంది దానికి?"

"మందు పెడ్త అని మీరే అన్నరు గదా!"

"కోపంల అన్న మాట వసంతా. ఎంతమంది పిల్లలకు సూదులేసిన చెయ్యి ఇది. విషం పెట్టే చెయ్యి గాదు."

"నాకవేం తెల్వది. నెలాఖరుకల్ల ఇల్లు ఖాళీ చెయ్యిండ్రి."

వాడకట్టులో ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. మా ఆయన నా చెయ్యి పట్టుకుని "జర సోంచాయించి మాట్లాడు" అన్నాడు. విదిలించుకున్నాను. సిస్టరమ్మ గట్టిగా కూడా వేయకుండా తలుపు దగ్గరికి వేసుకుంది.

మధ్యాహ్నానికి వణుకు మళ్లీ మొదలైంది, ఈసారి ముందుకంటే ఎక్కువగా. కళ్లు తేలేసి కాళ్లు బిగదీసుకుంది. మా ఆయన షట్టర్ దించి తెలిసినవాళ్ల కారు తెచ్చాడు. దారంతా శ్రావ్య గంప మీద చున్నీ కప్పి పట్టుకుని కూర్చుంది. ఏ దేవుడికి మొక్కిందో గానీ పెదాలు కదులుతూనే ఉన్నాయి.

వికారాబాద్ క్లినిక్‌లో చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. థర్మామీటర్ చూసి, "ఫీవర్ మస్తున్నది. ఇవి ఫిట్స్" అంటూనే కాలికి సూది పెట్టి సెలైన్ ఎక్కించింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఎలుకల మందు కావొచ్చు, కాకపోవొచ్చు మేడం. చెవులు, చర్మం గిట్ల అదురుతున్నయంటే ఒంటి మీది మందు అనిపిస్తున్నది. బాగ గుర్తు చేసుకోండి."

ఈమె కూడా అదే అడుగుతుందేమిటి అనుకున్నాను. చేతకాక నా మీదికి నెడుతున్నారేమో అని కూడా అనుకున్నాను, దాచడమెందుకు. అప్పుడే నా ఫోన్ మోగింది. వాట్సాప్‌లో సిస్టరమ్మ ఫోటో పంపింది. చదును చేసిన అట్టముక్క, ఒక మూల కోడి రెట్ట. దుకాణం దొంతరలోంచి అట్టలు తీసుకుపోయి ఆమె కోళ్ల గూట్లో పరుస్తుంది. అట్ట మీద కుక్క బొమ్మ ఉంది. దాని కింద చిన్నగా పిల్లి మొహం, దాని మీద అడ్డంగా ఎర్రటి గీత. ఫోటో కింద ఇలా రాసింది: "మీ ఇంట్ల కుక్క లేదు గదా. గిది బెల్లానికి పెట్టినవా? పెడితే డాక్టర్‌కు చెప్పు. సబ్బుతోని కడగాలె. జల్దీ."

తప్పించుకోవడానికి ఎత్తు వేస్తోందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఫోన్ సంచిలో పెట్టేయబోతుంటే శ్రావ్య లాక్కుంది.

"మమ్మీ, నిన్న నువ్వు పెట్టినవ్ గదా! కాంటా మీద తూకం గూడ వేసినవ్!"

డాక్టరమ్మ ఫోన్ తీసుకుని ఫోటో పెద్దది చేసి చూసింది. "పర్మెత్రిన్," అంది. "కుక్కల మందు. ఎంత పెట్టిండ్రు?"

"పావు ట్యూబే మేడం. తూకం వేసే పెట్టిన..." అన్నాను.

"పిల్లి అంటే చిన్న కుక్క కాదమ్మా. దాని లివర్ ఈ మందును అరిగించుకోలేదు. ఇందులో పావు, సగం అని లెక్కుండది. పిల్లికి ఈ మందు అసలే వద్దు. నిన్నటి నుంచి అది ఒంటి మీదనే ఉన్నది, లోపలికి పోతనే ఉన్నది."

అసిస్టెంట్‌ను పిలిచి గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు, గోరువెచ్చని నీళ్లు తెప్పించింది. వేడి నీళ్లు వద్దంది, వాటితో మందు ఇంకా ఎక్కువ ఇంకుతుందట. వణుకు తగ్గించే మందు ఎక్కాక మెడ, వీపు మూడుసార్లు కడిగారు. తుడిచే పని నాకు ఇచ్చారు. తడిసిన బెల్లం నా అరచేతుల్లో ఇంతే ఉంది. నేను తూకం వేసిన నాలుగు కిలోలు.

"బతుకుతదా మేడం?" అన్నాడు మా ఆయన.

"దీనికి విరుగుడు ఇంజెక్షన్ లేదు. మందు ఒంట్లోంచి దిగేదాకా వణుకు ఆపుకుంట కాపాడుకోవాలె. రెండు, మూడు రోజులు. ముందే కడిగి ఉంటే ఇంత దూరం రాకపోయేది."

ఆ చివరి మాట ఇప్పటికీ గుండెలో గుచ్చుకుంటుంది.

అన్నయ్య ఇంట్లో ఉన్నాం. మొదటి రోజు వదిన మీద మండిపోయాను. "జర తక్కువ పెట్టు అన్న గదా వసంతా!" అని ఆమె ఏడుపు. కావాలనే పంపిందేమో అన్నదాకా పోయింది నా బుద్ధి, సిగ్గులేకుండా. రెండో రోజు క్లినిక్ బెంచీ మీద కూర్చున్నప్పుడు మాత్రం వేరే ఎవరూ మిగల్లేదు. పెట్టె విప్పింది నేను, కాగితం పారేసింది నేను, చిట్టీ రాసింది నేను. రెండు సార్లు డాక్టర్లు అడిగితే నోరు విప్పనిది కూడా నేనే. మూడో రోజు పొద్దున బెల్లం తల ఎత్తి, ఉడికించిన చికెన్ ముక్క వాసన చూసి, తినేసింది. శ్రావ్య నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తాండూరు చేరగానే వెనక వాటాకు పోయాను. సిస్టరమ్మ గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది.

"సిస్టరమ్మా, తప్పయింది."

"పిల్లి తిన్నదా?"

"తిన్నది."

"దేవుని దయ."

"ఖాళీ చెయ్యొద్దు. నేను అన్న మాట మర్శిపోండ్రి."

ఆమె సంచి మూతి కట్టి కూర్చుంది. "ఇల్లు చూస్కున్న వసంతా. కోపం గాదు. రేపు మీ పిల్లికి తుమ్మొచ్చినా నువ్వు నా తలుపు దిక్కే చూస్తవ్. గట్ల నేనుండలేను."

లేదు, చూడను అని చెప్పబోయాను. నా సంగతి నాకు తెలుసు. ఆ వారమే రెండు వీధుల అవతలికి మారిపోయింది.

పేల కథ మాత్రం అక్కడితో అయిపోలేదు. బెల్లం కోలుకున్నాక డాక్టరమ్మ పిల్లుల కోసమే చేసిన స్పాట్-ఆన్ చుక్కల మందు రాసింది. బరువు చూసి, వయసు అడిగి రాసింది. మెడ వెనక, నాలుక అందని చోట పెట్టాలంది. రెండు వారాలకు శ్రావ్య కాళ్ల మీద మళ్లీ దద్దుర్లు. మందు నకిలీది అంటగట్టారని నాకు మళ్లీ అనుమానం పుట్టింది. ఫోన్ చేసి కొంచెం గట్టిగానే అడిగాను.

"మీది బండల ఇల్లా?" అందామె.

మాది తాండూరు బండల ఇల్లే. నాపరాళ్ల మధ్య సందులు అక్కడక్కడా తెరుచుకుని ఉన్నాయి.

"పిల్లి మీద కనపడేవి కొన్నే మేడం. గుడ్లు, గూడు కట్టుకున్న పిల్ల పురుగులు అన్నీ ఆ సందుల్ల, పరుపుల్ల, గోనెల్ల ఉంటయి. అవి బయటికి వచ్చినకొద్దీ మందు చంపుతది. నెలనెలా ఆపకుండ పెట్టండి. ఇల్లు గూడ చూసుకోండి."

వ్యాక్యూమ్ క్లీనర్ అడిగి తెచ్చి సందు సందూ లాగాం. దుప్పట్లు మరిగే నీళ్లలో ఉతికాం. ఖాళీ గోనెలు డాబా మీద ఎండలో పరిచాం. సందులకు మేస్త్రీతో సిమెంట్ పూయించాం. మూడు నెలలు పట్టింది. ఇప్పుడు శ్రావ్య కాళ్లు నున్నగా ఉన్నాయి. బెల్లం బస్తాల మీద కాళ్లు చాపుకుని పడుకుంటోంది.

నెలకోసారి మందు పెట్టే రోజున నేనూ శ్రావ్యా బెల్లాన్ని గంపలో పెట్టుకుని సిస్టరమ్మ ఇంటికి పోతాం. నా చేతి మీద నాకు నమ్మకం పోయింది. ఆమె కళ్లజోడు పెట్టుకుని పెట్టెను వెలుగుకు పట్టి చదువుతుంది. "పిల్లికేనా?" అంటుంది. బొమ్మ చూపిస్తాను. "బరువు?" అంటుంది. చెబుతాను. "ఆఁ, పెట్టు" అన్నాకే ట్యూబు మూత తిప్పుతాను. మేం వస్తున్నామంటే ముందే కోళ్లను గంప కింద మూసి, గంప మీద రాయి పెడుతుంది. బెల్లం మీద ఆమె అనుమానం ఇంకా పోలేదు.

ఇంట్లో జంతువులున్న వాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏ మందు పెట్టినా దాని పెట్టె పారేయకండి. అది ఏ జంతువు కోసమో చదివాకే మూత తీయండి, జంతువుకు ఏమైనా అయితే డాక్టర్ దగ్గరికి ఆ పెట్టెను కూడా తీసుకుపోండి.

మా దుకాణంలో మిగతా అట్టలన్నీ ఎప్పటిలా దొంతరలోకే పోతాయి. బెల్లం మందు పెట్టె ఒక్కటి గల్లా పక్కన ఉంటుంది. వెనక వాటా ఇంకా ఖాళీగానే ఉంది. అద్దెకు ఇస్తారా అని ఎవరైనా అడిగితే, మనుషులు ఉన్నారనే చెబుతున్నాను.